పెద్దమ్మ లైన్ కట్ చెయ్యదు

“తుపాకీ ఇక్కడ పెట్టి వెళ్లు,” అన్నాడు డైరెక్టర్.

ఏజెంట్ పదిహేడు ఉలిక్కిపడ్డాడు. పదకొండేళ్ల సర్వీసులో అతన్ని నడుస్తున్న రైల్లోంచి దూకమన్నారు, దొంగ గడ్డంతో పెళ్లికొడుకుగా కూర్చోమన్నారు, ఒకసారి ఏకంగా వారంపాటు చచ్చిపోమన్నారు. తుపాకీ వదిలేసి వెళ్లమని మాత్రం ఎవరూ అనలేదు.

కళ్లద్దాల షాపు వెనక గది అది. గోడ మీద కళ్లు పరీక్షించే చార్టు, దాని వెనక ఉక్కు బీరువా. టైము మధ్యాహ్నం ఒంటిగంట.

“మిషన్ ఏంటి సార్?”

“ఒక కంప్యూటర్ క్లీన్ చెయ్యాలి.”

“ఎవరిది? శత్రు ఎంబసీదా?”

“మీ పెద్దమ్మది.”

పదిహేడు నవ్వబోయాడు. డైరెక్టర్ మొహం చూసి మింగేశాడు.

“పిచ్చుక దగ్గర లిస్టు ఉంది,” అన్నాడు డైరెక్టర్. “మన దేశంలో అవతలివాళ్ల గొడుగు ముఠాకి ఎవరెవరు పనిచేస్తున్నారో, పేర్లతో సహా. ఇవాళ సాయంత్రం ఆరింటికి అవతలి దేశం రేవులో ఫెర్రీ ఎక్కాలి. ఏ గేటులో మన మనిషి డ్యూటీలో ఉన్నాడో మనం చెప్పాలి. ఐదింటికి లైన్లోకి వస్తుంది.”

పిచ్చుక అతని సొంత చెల్లెలు. అమ్మా నాన్నా పోయాక ఇద్దర్నీ పెంచింది పెద్దమ్మ. ఆ పిల్లని ఈ ఉద్యోగంలోకి లాక్కొచ్చింది మాత్రం అతనే. ఆ సంగతి తలుచుకోని రోజు లేదు.

“మన ఆఫీసు ఫోన్లన్నీ వింటున్నారని పిచ్చుకతో ఉత్తరాలు నడిపే పోస్టాఫీసుని మీ పెద్దమ్మ ఇంట్లో పెట్టాం,” డైరెక్టర్ గొంతు తగ్గించాడు. “రిటైరైన టెలిఫోన్ ఆపరేటర్ తను పెంచిన పిల్లతో కంప్యూటర్లో కబుర్లు చెప్పుకుంటుంటే ఎవరికి అనుమానం? అలాగే ఏడాది గడిచింది. మూడు రోజుల క్రితం అక్కడ మన టికెట్ క్లర్క్‌ని పట్టుకున్నారు. అతని సంగతి మనం ఒక్క చోటే టైపు చేశాం.”

“పెద్దమ్మ కంప్యూటర్లో.”

“స్పైవేర్. ఎవరో అందులో దూరి ప్రతి అక్షరం చదువుతున్నారు.”

“డిస్కు మొత్తం తుడిచేస్తే?”

“పిచ్చుకతో మాట్లాడే ప్రోగ్రామ్ తాళం ఆ డిస్కులోనే ఉంది. తుడిస్తే లైనే ఉండదు. జవాబు రాకపోతే మర్నాటిదాకా ఆగాలని రూలు. అక్కడ ఇల్లిల్లూ గాలిస్తున్నారు. మర్నాటిదాకా దొరక్కుండా ఉండటం ఆ అమ్మాయి వల్ల కాదు.”

“డేంజర్ కోడ్ పంపిస్తే? రేవు వదిలేసి వంతెన మీదుగా వచ్చేస్తుందిగా.”

“క్లర్క్‌కి తెలుసు. అంటే వాళ్లకీ తెలుసు. ఆ మాట స్క్రీన్ మీద కనబడ్డ మరుక్షణం రేవూ మూసేస్తారు, వంతెనా మూసేస్తారు. ఇంక రెండు దార్లూ లేవు.”

“నాకు కంప్యూటర్లు రావు సార్.”

“తెలుసు. మూడింటికి టెక్నికల్ వింగ్ నుంచి నెమలి వస్తుంది. ఈలోగా పైపైన ఉన్న చెత్త తీసి పెట్టు. గేటు నంబరు ఏడు. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. తుపాకీ చూస్తే మీ పెద్దమ్మకి బీపీ పెరుగుతుంది. ఇటు తే.”

పదిహేడు చచ్చినట్టు ఇచ్చేశాడు.

*

పెద్దమ్మ ముందుగదిలో కిటికీ పక్కన టేబుల్. దాని మీద కంప్యూటర్, దానికి పూల గుడ్డ కవరు. కాళ్ల దగ్గర యూపీఎస్ పెట్టె. కరెంటు పోయినా పది నిమిషాలు కంప్యూటర్‌ని నడిపించే ఆ పెట్టెని పిచ్చుకే కొని పెట్టింది. ఎందుకంటే పెద్దమ్మకి ‘ఉంటానమ్మా’ అనడం మొదలుపెట్టాక నిజంగా వెళ్లడానికి పది నిమిషాలు పడుతుంది.

“టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్లు చేశాన్రా,” అంటుంది ఎవరడిగినా. “అవతలివాళ్లు పెట్టేసేదాకా నేను లైన్ కట్ చేసిందే లేదు. అది మర్యాద కాదు.”

ఆ మర్యాదే కొంప ముంచింది. పదిహేడు కంప్యూటర్ ఆన్ చెయ్యగానే మోడెం మీద ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమన్నాయి, స్క్రీన్ మీద ఒకదాని తర్వాత ఒకటి పాప్-అప్‌లు వచ్చి పడ్డాయి. ‘అభినందనలు! ఇవాళ్టి అదృష్టవంతులు మీరే!’ అని ఒకటి అరిచింది. ‘మీ కంప్యూటర్లో మూడొందల పన్నెండు వైరస్‌లు!’ అని ఇంకొకటి ఎర్రగా మెరిసింది. పొట్ట తగ్గించుకోమన్నది ఒకటి, జుట్టు పెంచుకోమన్నది ఒకటి. బ్రౌజర్ పైన ఏడు టూల్‌బార్‌లు అంతస్తులు కట్టుకుని కూర్చున్నాయి. అసలు పేజీకి మిగిలింది నాలుగు వేళ్ల జాగా.

“ఇవన్నీ ఎలా వచ్చాయి పెద్దమ్మా?”

“వాళ్లే అడిగార్రా. ‘పెట్టమంటారా? అవును, కాదు’ అని. పాపం అంత మర్యాదగా అడుగుతుంటే కాదంటామా? అవునన్నాను.”

“అన్నిటికీనా?”

“ఒకళ్లకి అవునని ఒకళ్లకి కాదంటే ఏం బావుంటుంది?”

పదిహేడు తల పట్టుకున్నాడు. టైమ్ బాంబులు విప్పిన చేతులవి. అదురూ బెదురూ లేకుండా ఎర్ర తీగ ఏదో పచ్చ తీగ ఏదో చూసి కత్తిరించిన చేతులవి. ఇప్పుడు మూలనున్న చిన్న అడ్డగుర్తు మీద మౌస్ పెట్టబోతే ఆ గుర్తు పక్కకి తప్పుకుంది. వెంటపడ్డాడు. అది ఇంకో మూలకి పారిపోయింది. నాలుగోసారికి నొక్కితే ఆ పెట్టె మూతపడి రెండు కొత్తవి తెరుచుకున్నాయి.

ప్రోగ్రామ్‌ల జాబితా తెరిచాడు. అరవై నాలుగున్నాయి. ఒక్కొక్కటీ తీసెయ్యబోతే పెద్దమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కదానికీ పూచీ పడసాగింది.

“అది తియ్యకురా, అది వాతావరణం చెప్పే చిలక.”

“అది చెప్పేదంతా అబద్ధం పెద్దమ్మా. బయట ఎండ కాస్తుంటే మంచు పడుతోందంటోంది.”

“ఎక్కడో పడుతూ ఉంటుందిలే.”

బలవంతంగా చిలక మీద అన్‌ఇన్‌స్టాల్ నొక్కాడు. స్క్రీన్ నిండా ఏడుపు మొహం వచ్చింది. ‘మేమేం తప్పు చేశాం?’ అని కింద రాసి ఉంది. పెద్దమ్మ గభాల్న అతని చెయ్యి పట్టుకుంది. చిలక బతికిపోయింది.

రెండున్నర అయ్యేసరికి అరవై నాలుగు కాస్తా అరవై ఏడయ్యాయి. పదిహేడుకి తల ప్రాణం తోకకొచ్చింది. శత్రువు కొడితే తిరిగి కొట్టడం తెలుసు, దాక్కుంటే వెతకడం తెలుసు. నవ్వుతూ ‘అభినందనలు’ అనేవాణ్ణి ఏం చెయ్యాలో అతనికి ఎవరూ నేర్పలేదు. అవతలి దేశంలో ఏదో లైబ్రరీలో పిచ్చుక గడియారం చూసుకుంటూ ఉంటుంది. అన్నయ్య ఉన్నాడు కదా అని ధైర్యంగా ఉంటుంది. ఆ ఆలోచన రాగానే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

*

సరిగ్గా మూడింటికి కాలింగ్ బెల్ మోగింది.

“చినుకు పడుతోంది,” అందొక గొంతు తలుపవతల.

“గొడుగు తేలేదు,” అన్నాడు పదిహేడు. కోడ్ సరిపోయింది. తలుపు తీశాడు.

నెమలి లోపలికొచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, అయిదు గదులకి సరిపోయే సెంటు. టెక్నికల్ వింగ్‌లో ఆవిడ నడిచి వెళ్తుంటే మగాళ్లు తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టుకుంటారని చెప్పుకుంటారు. పదిహేడు కూడా పొట్ట లోపలికి పీల్చుకున్నాడు.

“నమస్తే ఆంటీ,” అంది తీయగా.

పెద్దమ్మ కళ్లు చికిలించింది. “నీ గొంతు ఎక్కడో విన్నానమ్మాయ్.”

“అందరూ అలాగే అంటారాంటీ.”

నెమలి కుర్చీలో కూర్చుంది. వేళ్లు కీబోర్డు మీద వానలా కురిశాయి. “అరవై ఏడు ప్రోగ్రామ్‌లు,” అని లెక్క తేల్చింది. కంప్యూటర్‌ని సేఫ్ మోడ్‌లోకి తెచ్చింది. స్టార్టప్ లిస్టు తెరిచింది, రిజిస్ట్రీలోకి దిగింది, సీడీ పెట్టి స్కానర్ నడిపింది. టూల్‌బార్‌లు ఏడూ పోయాయి. జుట్టు పోయింది, పొట్ట పోయింది, ‘అభినందనలు’ గొంతు మధ్యలోనే ఆగిపోయింది. చిలక ఏడుపు మొహం పెడితే అది పూర్తిగా రాకముందే ఎంటర్ కొట్టేసింది.

“అయ్యో,” అంది పెద్దమ్మ.

పదిహేడు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. మధ్యలో రెండుసార్లు కాఫీ కలిపి తెచ్చాడు. ఆ ఇంట్లో ఇవాళ అతని వల్ల అయిన పని అదొక్కటే.

ఐదింటికి పది నిమిషాలుందనగా స్క్రీన్ మీద ఒక్క పెట్టె లేదు. ఖాళీ నీలం రంగు. “క్లీన్,” అంది నెమలి, సీడీ తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంటూ. “పూచికపుల్ల కూడా మిగల్లేదు. ఐదింటికి నిశ్చింతగా నంబరు పంపించుకోవచ్చు. ఇంతకీ ఏ గేటు?”

“ఐదింటికి తెలుస్తుంది,” అన్నాడు పదిహేడు. తర్ఫీదు అలాంటిది. కానీ గుండెల మీంచి బరువు దిగినట్టైంది. చేతులు జోడించి దణ్ణం పెడదామా అన్నంత కృతజ్ఞత కలిగింది.

పెద్దమ్మ మాత్రం కుర్చీలో సర్దుకుని ఉత్త కాగితం లాంటి పేజీ ఒకటి తెరిచింది. అలవాటు కొద్దీ రోజూ చేసే పనే. ‘హలో, హలో, లైన్ టెస్టింగ్’ అని మెల్లగా కొట్టింది. కొడుతూ కీబోర్డు చూడలేదు, మోడెం కేసి చూసింది.

ఒక్కో అక్షరానికీ ఆకుపచ్చ దీపం ఒక్కోసారి మిణుక్కుమంది.

చెయ్యి తీసేసింది. దీపం ఆగింది. మళ్లీ ఒక్క అక్షరం కొట్టింది. మిణుక్కుమంది.

“అమ్మాయ్,” అంది పెద్దమ్మ. “నేనెవరికీ పంపించలేదే! నా కాగితం మీద నేను రాసుకుంటుంటే ఆ దీపం ఎందుకే ఉలిక్కిపడుతోంది? ఎక్స్ఛేంజిలో దీపం వెలిగిందంటే ఎవరో లైన్లో ఉన్నట్టే.”

మధ్యాహ్నం నుంచీ ఆ దీపం ఊపిరి తిప్పుకోకుండా మిణుకుతూనే ఉంది. అన్ని పాప్-అప్‌ల గోలలో అక్షరాలు మోసుకుపోయే ఈ ఒక్కడు ఎవరికీ కనబడలేదు. నెమలి గోల మొత్తం తీసేసి, తన వాణ్ణొక్కణ్ణే మిగిల్చుకుంది.

“ఇంకో మాట,” పెద్దమ్మ ఆగలేదు. “పోయిన నెలలో మూడొందల పన్నెండు వైరస్‌లున్నాయి, ఈ నంబరుకి ఫోన్ చెయ్యమంటే చేశాను. ఒకమ్మాయి ఎత్తి, ఏవేవో నొక్కమంది. నొక్కాను. అంకె చెప్పేముందు చిన్నగా ఊపిరి పీల్చింది. నువ్వూ ఇందాక అరవై ఏడు అనేముందు అలాగే పీల్చావు. గొంతు మార్చావు గానీ ఊపిరి మార్చలేదమ్మాయ్.”

నెమలి నవ్వింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. ఎర్ర రంగు ఉండాల్సిన చోట నల్లటి రంధ్రం కనిపించింది.

పదిహేడు చెయ్యి నడుముకి పోయింది. తుపాకీ కళ్లద్దాల షాపులో ఉంది.

“మూలకి జరుగు పదిహేడూ,” అంది నెమలి. “ఇందులో ఉన్నది ఒక్కటే గుండు. ఆంటీకి సరిపోతుంది.”

“లిస్టులో నీ పేరుంది,” అన్నాడు పదిహేడు.

“పైనుంచి రెండోది. అందుకే ఆ లిస్టు ఫెర్రీ ఎక్కకూడదు.” గడియారం చూసుకుంది. “అయిదు నిమిషాలుంది. ఆంటీ, మీ అమ్మాయి లైన్లోకి రాగానే మూడో గేటు అని కొట్టండి. మావాళ్లు అక్కడ కాసుకుని ఉన్నారు. ఇంకేమన్నా తేడా మాట పడిందో, మీకు కుర్చీలోంచి లేచే పని ఉండదు.”

పదిహేడు మూలకి జరిగాడు. దూకుదామంటే పెద్దమ్మ తల వెనకే లిప్‌స్టిక్ ఉంది. అరుద్దామంటే వినేవాళ్లు లేరు. పదకొండేళ్లు నేర్చుకున్న విద్యంతా వెతుక్కున్నాడు. పనికొచ్చేది ఒక్కటి దొరకలేదు. ఇటు పెంచిన తల్లి, అటు చెల్లెలు. మధ్యలో అతను గోడకి ఆనించిన చీపురులా నిలబడి ఉన్నాడు.

ఐదు కొట్టింది. స్క్రీన్ మీద కిటికీ తెరుచుకుంది.

‘పెద్దమ్మా, ఉన్నావా?’

పెద్దమ్మ తాపీగా కొట్టింది. ‘ఉన్నానమ్మా. బావున్నావా? తిన్నావా?’

‘తిన్నాను. ఇక్కడ చలిగా ఉంది. ఎటు రమ్మంటావు?’

‘చలైతే చెవులు కప్పుకో. నీ దగ్గు తగ్గిందా? మీ అన్నయ్య వచ్చాడు. బాగా చిక్కిపోయాడు.’

“గేటు,” నెమలి పళ్లు బిగించింది.

“ఉండవే,” అంది పెద్దమ్మ వెనక్కి తిరక్కుండానే. “పలకరింపుల్లేకుండా నేను మాట్లాడానంటే దానికి వెంటనే అనుమానమొస్తుంది. నెల్లాళ్లుగా మా కబుర్లు చదువుతున్నావుగా, నీకు తెలీదూ?”

నెమలికి తెలుసు. నెల్లాళ్లలో సగం ఆ దగ్గుల గురించే చదివి విసిగిపోయి ఉంది. ఊరుకుంది.

‘తగ్గింది పెద్దమ్మా. లైబ్రరీ మూసేస్తారు, తొందరగా చెప్పు.’

‘చెప్తానమ్మా,’ కొట్టింది పెద్దమ్మ. ‘జాగ్రత్తగా విను. నువ్వు నేరుగా’

అక్కడ ఆగింది. ఒక్క క్షణం పదిహేడు కేసి చూసింది. ఆ చూపులో భయం లేదు. ఏదో తప్పు పని చెయ్యబోయేముందు క్షమించమన్నట్టు చూసింది. కింద చెప్పులోంచి ఆవిడ కుడికాలి బొటనవేలు బయటికొచ్చింది. యూపీఎస్ మీదున్న ఎర్ర స్విచ్ నొక్కింది.

టప్.

స్క్రీన్ నల్లబడింది. మోడెం దీపాలన్నీ ఆరిపోయాయి.

ఇక్కడే నెమలి పప్పులో కాలేసింది. వేరే గూఢచారి ఎవరైనా ముందు కాల్చేవాళ్లు, లేదా కనీసం అరిచేవాళ్లు. కానీ ఆవిడ టెక్నికల్ వింగ్‌లో పన్నెండేళ్లు పని చేసింది. స్క్రీన్ ఆరిపోతే ఎవరైనా సరే ముందు ప్లగ్ చూడాలి. ఆ చెయ్యి ఆవిడ మాట వినలేదు. “ప్లగ్ వదులైందా?” అంటూ గభాల్న వంగి టేబుల్ కిందకి తల దూర్చింది.

వంగాక గుర్తొచ్చింది తానెవరో. అప్పటికే పదిహేడు బూటు ఆవిడ మణికట్టు మీద ఉంది. లిప్‌స్టిక్ దొర్లుకుంటూ వెళ్లి గుమ్మం దగ్గర ఆగింది. పూల గుడ్డ కవరుతోనే చేతులు వెనక్కి విరిచి కట్టాడు. ఆ ఇంట్లో ఇవాళ అతనికి చేతనైన రెండో పని అది.

*

“పెద్దమ్మా, ఏం చేశావు?” వగరుస్తూ అడిగాడు. “మధ్యలో కట్ చేసేశావు! కరెంటు పోయిందనుకుంటుంది. జవాబు రాలేదని రేపటిదాకా అక్కడే ఆగిపోతుంది!”

“ముఠా వాళ్లు కరెంటు పోయిందనుకోవాలి. మళ్లీ లైను వస్తుందని రేవులో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. వంతెన మూయరు.” పెద్దమ్మ కుర్చీలోంచి లేవలేదు. మొహం పాలిపోయింది. “పిచ్చుక మాత్రం అనుకోదు. కరెంటు పోయినా ఈ పెట్టె పది నిమిషాలు నడుస్తుందని దానికి తెలుసు. తనే కదా కొన్నది. పుట్టినప్పట్నుంచీ చూస్తోంది నన్ను. ఉంటానమ్మా అనకుండా నేను లైన్ కట్ చేశానంటే ఏదో ప్రమాదమని దానికి తట్టాలి. తడితే వంతెన మీదుగా వచ్చేస్తుంది.”

ఆరిపోయిన దీపాల కేసి చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు. డైరెక్టర్ మనుషులు వచ్చి నెమలిని తీసుకెళ్లారు. కంప్యూటర్ ఆన్ చెయ్యొద్దన్నారు. ఆరైంది. ఫెర్రీ వెళ్లిపోయి ఉంటుంది. ఆరున్నరైంది. పిచ్చుక చిన్నప్పుడు పోటీకి పరిగెత్తి మోకాళ్లు చీరుకుంటే ఇదే గదిలో మందు రాసింది పెద్దమ్మ. ఆ పిల్ల అర్థం చేసుకుందో లేదో కనుక్కునే దారి ప్రపంచంలో ఎక్కడా లేదు. పదిహేడు పెద్దమ్మ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసింది.

“అది ఆగిపోయుంటే నా వల్లేరా,” అంది. “ముప్ఫై ఒక్క ఏళ్లలో చెయ్యని పని చేశాను.”

“నా వల్ల పెద్దమ్మా. దాన్ని పంపింది నేను.”

ఏడు కావస్తుండగా గోడ దగ్గర ఫోన్ మోగింది. ఇద్దరూ కదల్లేదు. రెండోసారి మోగింది. పెద్దమ్మ లేచి రిసీవర్ ఎత్తి, పాత అలవాటు కొద్దీ, “నంబర్ ప్లీజ్,” అంది.

అవతల బస్సు హారన్లు, ఆ మధ్యలో ఒక దగ్గు వినిపించింది.

“పెద్దమ్మా!” మండిపడుతోంది పిచ్చుక. “ఒక్క మాటైనా చెప్పకుండా కట్ చేస్తావా? పై ప్రాణాలు పైనే పోయాయి! లైబ్రరీలోంచి పరిగెత్తి పరిగెత్తి వంతెన బస్సెక్కాను. చెప్పు ఒకటి తెగిపోయింది. ఇవతలకొచ్చి పడ్డాను గానీ, ఇంకెప్పుడైనా ఇలా చేశావంటే ఊరుకోను!”

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. “చెవులు కప్పుకున్నావా?” అని మొదలుపెట్టింది. ఉంటానమ్మా అనేసరికి నలభై నిమిషాలైంది. పదిహేడు గోడకి తల ఆనించి ఆ దగ్గు గురించీ, తెగిన చెప్పు గురించీ ఒక్క మాట పొల్లు పోకుండా విన్నాడు. అతని జీవితంలో అంత మంచి ఇంటెలిజెన్స్ రిపోర్టు వినలేదు.

*

నాలుగు రోజుల తర్వాత ఏజెన్సీవాళ్లు కొత్త డిస్కు వేసి, కొత్త తాళం పెట్టి కంప్యూటర్ తిరిగిచ్చారు. పదిహేడు స్వయంగా ప్లగ్ పెట్టి ఆన్ చేశాడు. నీలం స్క్రీన్ తళతళలాడింది. పెద్దమ్మ బ్రౌజర్ తెరిచి, వాతావరణం చూద్దామని ఏదో నొక్కింది.

మూలలోంచి చిన్న పెట్టె తోసుకొచ్చింది. అందులో రెక్కలు కొట్టుకుంటున్న చిలక. ‘నేనొచ్చేశాను! లోపలికి రమ్మంటారా? అవును, కాదు.’

పదిహేడు మెరుపులా మౌస్ మీదకి చెయ్యి పోనిచ్చాడు. పెద్దమ్మ ఆ చెయ్యి మీద ఫట్‌మని ఒక్కటేసింది.

“ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో కట్ చేస్తావేంట్రా? ఒకసారి చేశానుగా, ఈ జన్మకి చాలు,” అని ‘అవును’ నొక్కింది.